హ్యామర్‌హెడ్: సొరచేప నుంచి క్రేను దాకా ఒకే పేరు, వేర్వేరు కారణాలు

క్లుప్తంగా: సుత్తి ఆకారపు తల ఉన్న సొరచేపల కుటుంబాన్ని ఇంగ్లిష్‌లో హ్యామర్‌హెడ్ అంటారు. ఆఫ్రికాలోని ఒక గబ్బిలం, ఒక నీటి పక్షి, తోటల్లో వానపాములను తినే ఒక పురుగు, రేవుల్లోని భారీ క్రేన్లు, వంతెన స్తంభాలు, విమాన విన్యాసం, చివరికి ఒక ఆర్‌ఎన్‌ఏ అణువు కూడా ఇదే పేరుతో చలామణి అవుతున్నాయి. వీటిలో చాలావాటికి ఆ పేరు నేరుగా సుత్తి నుంచి వచ్చిందే తప్ప సొరచేప నుంచి రాలేదు. ఇంతవరకు కలిగే గందరగోళం చిన్నదే. చేపల వేట లెక్కల్లోనూ రెక్కల వ్యాపారంలోనూ ఒకే పేరు కింద దాదాపు పది జాతులు కలిసిపోవడం మాత్రం అంత చిన్న విషయం కాదు.

పేరు ఎక్కడ మొదలైంది

సుత్తితల సొరకు శాస్త్రనామం పెట్టడంలోనే పేరు తగాదా ఒకటి జరిగింది. 1758లో స్వీడన్ శాస్త్రవేత్త లినేయస్ ఈ చేపను స్క్వాలస్ జైగీనా అని నమోదు చేశాడు. జైగీనా అనేది గ్రీకులో ఈ చేపకున్న పాత పేరు. ఎద్దుల మెడ మీద వేసే కాడిని సూచించే మాటకు దగ్గరిది. తర్వాత 1816లో కువ్యే ఈ సొరలన్నిటినీ జైగీనా అనే ప్రజాతిగా, అంటే దగ్గరి జాతుల సమూహంగా, వేరు చేయాలనుకున్నాడు. అయితే ఫాబ్రిసియస్ 1775లోనే ఆ పేరును ఎర్రచుక్కల రెక్కలున్న ఒక చిమ్మట ప్రజాతికి ఇచ్చేశాడు. జంతుశాస్త్ర నియమాల ప్రకారం రెండు ప్రజాతులకు ఒకే పేరు చెల్లదు గనుక, ముందొచ్చిన చిమ్మటకే ఆ పేరు దక్కింది. సొరలకు 1810లో రఫినెస్క్ సూచించిన స్ఫిర్నా స్థిరపడింది. దాని మూలం సుత్తి అనే అర్థమున్న గ్రీకు మాట. సొరల్లో జైగీనా ఇప్పుడు స్ఫిర్నా జైగీనా అనే ఒక జాతి పేరులో మాత్రమే మిగిలింది.

అంటే, పొంతనలేని రెండు ప్రాణుల మధ్య పేరు ఇరుక్కోవడం శాస్త్రానికి కూడా తప్పలేదు. తేడా ఏమిటంటే శాస్త్రనామాలకు తగవు తీర్చే నియమావళి ఉంది, వాడుక పేర్లకు అది లేదు. హ్యామర్‌హెడ్ అనే వాడుక పేరు ఎటు పడితే అటు పాకడానికి కారణం అదే.

తెలుగు తీరానికి ఈ చేపలు కొత్తవి కావు. పాముల పరిశోధనతో పేరొందిన పాట్రిక్ రస్సెల్ విశాఖపట్నంలో సేకరించిన 200 చేపల వర్ణనలు, చిత్రాలతో 1803లో లండన్‌లో అచ్చయిన గ్రంథంలో చేపలకు స్థానికుల నోట విన్న పేర్లనే వాడాడు. సొర అన్న మాట ఆ పేర్లలో కనిపిస్తుంది. భారత సముద్ర జలాల్లో సుత్తితల సొరలు నాలుగు జాతులు నమోదయ్యాయి.

ఆ తల దేనికి

సుత్తితల సొర తల రెండు పక్కలకూ పలకలా సాగి ఉంటుంది. కళ్లు ఆ పలక రెండు కొసల్లో, ముక్కు రంధ్రాలు వాటికి కాస్త లోపలగా ఉంటాయి. తల ఎంత వెడల్పు అన్నది జాతిని బట్టి మారుతుంది. అమెరికా తీరాల్లో ఉండే చిన్న టోపీతల సొరకు అది గరిటె మొనలా గుండ్రంగా ఉంటే, పర్షియన్ గల్ఫ్ నుంచి బంగాళాఖాతం మీదుగా ఆస్ట్రేలియా దాకా కనిపించే రెక్కతల సొరకు తల వెడల్పు ఒంటి పొడవులో దాదాపు సగం ఉంటుంది.

ఇటువంటి తల ఎందుకు ఏర్పడిందన్న ప్రశ్నకు మూడు ప్రధాన సమాధానాలు చర్చలో ఉన్నాయి. మూడింటి బలమూ ఒకటి కాదు.

మొదటిది చూపు. కళ్లు అంత ఎడంగా ఉంటే ఎదుట ఉన్నదాన్ని రెండు కళ్లూ కలిపి చూడలేవని చాలాకాలం అనుకున్నారు. 2009లో వెలువడిన కొలతలు దీన్ని తలకిందులు చేశాయి. రెండు కళ్ల చూపు కలిసే కోణం టోపీతల సొరలో 13 డిగ్రీలు, వంపు అంచు తల ఉన్న స్ఫిర్నా లెవీనిలో 32 డిగ్రీలు, రెక్కతల సొరలో 48 డిగ్రీలు ఉన్నట్లు తేలింది. పోల్చడానికి తీసుకున్న మామూలు తల సొరల్లో అది 10, 11 డిగ్రీలే. కళ్లు కొసల్లో ఉన్నా కాస్త ముందుకు తిరిగి ఉండటం వల్ల ఇది సాధ్యమవుతోంది. దూరాన్ని అంచనా కట్టడానికి రెండు కళ్ల చూపు కలవడం అవసరం కనుక, తల వెడల్పయ్యేకొద్దీ వేటగాడిగా దానికి మేలే జరుగుతుంది. ఒక లోపం కూడా ఉంది: సరిగ్గా ముట్టె ముందు కొంత మేర దానికి ఏమీ కనబడదు.

ఆ కనబడని చోటును పూరించేది రెండో అంశమైన విద్యుత్ గ్రహణం. సొరచేపలన్నిటికీ ముట్టె అడుగున జిగురు నిండిన సన్నటి గొట్టాలుంటాయి. లోరెంజీనీ పేరుతో పిలిచే ఈ గొట్టాలు, ఇసుకలో దాక్కున్న చేప కండరాల నుంచి వెలువడే అతి బలహీనమైన విద్యుత్తును కూడా పసిగడతాయి. సుత్తితల సొరలకు ఈ శక్తి మిగతా సొరలకంటే తీక్షణంగా ఉంటుందని ఊహించడం తేలిక. ప్రయోగాల్లో అలా తేలలేదు. సున్నితత్వం దాదాపు సమానంగానే ఉంది. తల వెడల్పు వల్ల ఒక్క ఈతలో అది వెతికే నేల మేర మాత్రం ఎక్కువ. పొలంలో కలుపు తీసే గుంటక పదును పెరగకపోయినా గుంటక వెడల్పయితే ఒక్క చాలులో ఎక్కువ నేల తెమిలినట్టే ఇదీ.

బహామాస్ దగ్గర గమనించిన ఒక వేట ఈ తలకున్న మరో ఉపయోగాన్ని చూపుతుంది. పెద్ద సుత్తితల సొర, అంటే స్ఫిర్నా మొకర్రాన్, పారిపోతున్న టేకు చేపను పైనుంచి తలతో మోది నేలకు అదిమింది. తలను అలా అదిమిపెట్టే ఒళ్లు తిప్పి, టేకు చేప రెక్క అంచును కొరికింది. ఈదడానికి పనికిరాకుండా పోయిన ఆ చేపను తర్వాత నింపాదిగా తినేసింది. విషపు ముల్లున్న టేకు చేపలు ఈ సొరకు ఇష్టమైన ఆహారం. ముళ్లు దవడల్లో గుచ్చుకుని ఉండగానే పట్టుబడిన సొరలు కూడా ఉన్నాయి.

మూడో సమాధానం ఎగుడు బలం. విమానం రెక్కలా తల నీటిలో ఒంటిని పైకి లేపుతుందన్న వాదం పుస్తకాల్లో చాలాకాలం నడిచింది. ఎనిమిది జాతుల తలలను కంప్యూటర్ నమూనాలతో పరీక్షించిన 2020 నాటి అధ్యయనం దీనికి మద్దతివ్వలేదు. తిన్నగా ముందుకు ఈదేటప్పుడు తల వల్ల చెప్పుకోదగ్గ ఎగుడు బలం రాదనీ, పైగా నీటి నిరోధం బాగా పెరుగుతుందనీ, చటుక్కున పైకీ కిందికీ తిరగడానికి మాత్రం సాయపడుతుందనీ అందులో తేలింది. మరి అంత నిరోధాన్ని భరిస్తూ ఈ చేపలు ఎలా నెగ్గుకొస్తున్నాయి? పెద్ద సుత్తితల సొర విషయంలో ఒక జవాబు 2016లో దొరికింది. పరికరాలు అమర్చి వదిలిన సొరలు 50 నుంచి 75 డిగ్రీల వరకు పక్కకు ఒరిగి, కొన్నిసార్లు 90 శాతం సమయం అలాగే ఈదుతున్నాయి. వాటి వెన్ను రెక్క పక్క రెక్కలకంటే పొడవు. ఒరిగినప్పుడు అదే ఎగుడు బలాన్ని ఇస్తుంది, ఈతకయ్యే శ్రమ దాదాపు 10 శాతం తగ్గుతుంది. ఆ పొడవాటి వెన్ను రెక్కే దానికి ప్రాణాంతకం కూడా అయింది. ఆ సంగతి చివరి భాగంలో వస్తుంది.

చిన్న తలతో మొదలై క్రమంగా పెద్దదయిందన్న సూటి కథ కూడా నిలవలేదు. జన్యు పోలికలను బట్టి కుటుంబ వృక్షంలో అందరికంటే ముందు విడిపోయిన కొమ్మ అతి వెడల్పు తలగల రెక్కతల సొరదే. చిన్న తల జాతులు తర్వాత వచ్చినవి.

ఒకే ఇంటిపేరు, వేర్వేరు బతుకులు

ఈ కుటుంబంలోని జాతులు తల ఆకారంలో ఒకదాన్నొకటి పోలినా జీవన విధానంలో దూరదూరంగా ఉంటాయి. స్ఫిర్నా లెవీని పగలు వందల సంఖ్యలో గుంపు కడుతుంది. కోస్టారికాకు చెందిన కోకోస్ ద్వీపం, గలపాగోస్ దగ్గర ఈ గుంపులు ప్రసిద్ధం. రాత్రిపూట అదే చేప 800 మీటర్లకంటే లోతుకు దిగి వేటాడుతుంది. అక్కడి నీరు పైనీటికంటే 20 డిగ్రీల దాకా చల్లగా ఉంటుంది. చేప రక్తం మొప్పల ద్వారా నీటిని తాకుతుంది కనుక ఒంటి వేడి పోయేది ప్రధానంగా అక్కడే. హవాయిలో జరిగి 2023లో ప్రచురితమైన అధ్యయనం ప్రకారం ఈ సొర దిగేటప్పుడు మొప్పలను బిగించి, ఒక రకంగా ఊపిరి బిగబట్టి, పైకి వచ్చాక తెరుస్తుంది. లోతుకు మునిగే తిమింగలాలు ఊపిరి బిగబట్టడం తెలిసిందే. నీటిలోనే ఊపిరి తీసుకునే చేప అలా చేయడం విచిత్రమే.

టోపీతల సొరది ఇంకో దారి. దాని పొట్టలో బరువును బట్టి 62 శాతం దాకా సముద్రపు గడ్డి కనిపించేది. పీతల వెంటపడుతూ పొరపాటున మింగుతోందని అనుకునేవారు. 2018 నాటి ప్రయోగాల్లో అది గడ్డిని జీర్ణం చేసుకుని ఒంటికి పట్టించుకోగలదని రుజువైంది. అమెరికాలోని ఒమహా జంతు ప్రదర్శనశాలలో 2001లో ఈ జాతి ఆడ సొర ఒకటి మగతోడు లేకుండానే పిల్లను పెట్టింది. అది కన్యాజననమేనని 2007లో జన్యు పరీక్షల ద్వారా నిర్ధారించారు. సొరచేపల్లో అలా రుజువైన మొదటి ఘటన అది.

అన్నిటికంటే ఆలోచింపజేసేది కరొలైనా సుత్తితల సొర. దక్షిణ కరొలైనా తీరంలో దొరికిన ఒక సొరకు వెన్నుపూసలు తక్కువగా ఉన్నాయని కార్టర్ గిల్బర్ట్ 1967లోనే రాశాడు. పైకి అది అచ్చం స్ఫిర్నా లెవీనియే. జన్యు పరీక్షల తర్వాత, 2013లో అది స్ఫిర్నా గిల్బర్టీ అనే వేరే జాతిగా ప్రకటితమైంది. ఒంటి మీద చూసి చెప్పగల తేడా లేదు. వెన్నుపూసలు లెక్కపెట్టాలి, లేదా డీఎన్‌ఏ చూడాలి. అంతవరకు లెవీని కింద లెక్కించిన చేపల్లో కొన్ని గిల్బర్టీ అయి ఉంటాయి. అంటే లెవీని ఎన్ని ఉన్నాయనుకున్నారో నిజానికి అంతకంటే తక్కువే ఉండాలి.

పేరు పంచుకున్న ప్రాణులు

సముద్రం దాటి వస్తే ఈ పేరు మూడు ప్రాణులకు ప్రధానంగా కనిపిస్తుంది. మూడింటిలో సుత్తి పోలిక మూడు రకాలు.

పశ్చిమ, మధ్య ఆఫ్రికా అడవుల్లో ఉండే హ్యామర్‌హెడ్ గబ్బిలం ఆ ఖండపు ప్రధాన భూభాగంలో అతి పెద్ద గబ్బిలం. సుత్తిలాంటి తల మగదానికే ఉంటుంది. ఉబ్బిన ముట్టె, ఛాతీని ఆక్రమించేంత పెద్ద స్వరపేటిక కలిసి బిగ్గరగా కూయడానికి పనికొస్తాయి. మగవన్నీ రాత్రిళ్లు నదుల ఒడ్డున బారులు తీరి కూస్తుంటే ఆడవి తిరిగి చూసి ఎంచుకుంటాయి. గాబన్‌లో 1970లలో జరిగిన పరిశీలనలో 6 శాతం మగవాటికే 79 శాతం జతకట్టే అవకాశాలు దక్కాయి. ఇంత తీవ్రమైన పోటీ ఉన్నచోట కూతను పెంచే తల పెద్దదవుతూ పోవడం సహజం. ఇది కాక ఈ గబ్బిలం పేరు వార్తల్లోకి వచ్చింది 2005లో. ఎబోలా వైరస్ జన్యు జాడలు, ప్రతిరక్షకాలు కనిపించిన మూడు గబ్బిలం జాతుల్లో ఇదొకటి. సజీవ వైరస్ మాత్రం వాటిలో దొరకలేదు.

హామర్‌కాప్ అనే పక్షి పేరు డచ్ మూలం నుంచి దక్షిణాఫ్రికా ఆఫ్రికాన్స్ భాషలో స్థిరపడినది. ముందుకు ముక్కు, వెనక్కు జుట్టు కలిసి పక్కనుంచి చూస్తే సుత్తిలా అగుపిస్తుంది. ఈ పక్షి కట్టే గూడు మీటరున్నర దాకా వెడల్పుండి, వేల పుల్లలతో మనిషి నిలబడినా కూలనంత గట్టిగా ఉంటుంది. సొరలో సుత్తి అడ్డంగా ఉంటే పక్షిలో నిలువు పొడవునా ఉంది. చూసేవారి కంటికి తప్ప ప్రాణికి దానితో పని లేదు.

పురుగు సంగతి వేరు. వానాకాలంలో పెరట్లో, పూలకుండీల కింద అర్ధచంద్రాకారపు తలతో, సాగదీసిన రబ్బరు పట్టీలా కనిపించే హ్యామర్‌హెడ్ పురుగు గురించి కొన్నేళ్లుగా భయపెట్టే ప్రచారం సాగుతోంది. దీని ప్రజాతి పేరు బైపాలియం. వీటిలో ప్రసిద్ధమైన బైపాలియం కెవెన్స్‌ను 1878లో లండన్ సమీపంలోని క్యూ ఉద్యానపు గాజు గదుల్లో దొరికిన నమూనాల ఆధారంగా వర్ణించారు. దాని పుట్టిల్లు ఆగ్నేయాసియా; కుండీ మట్టితో, మొక్కల రవాణాతో అది ఐరోపా, అమెరికా ఖండాలకు చేరింది. ఇవి ప్రధానంగా వానపాములను పట్టి, జిగురుతో బంధించి, ఒంటి మధ్యలో అడుగున ఉన్న నోటితో తింటాయి. తోక ముక్క తెగి పడినా అది కొత్త పురుగుగా పెరుగుతుంది. కాబట్టి పారతో నరికితే ఒకటి రెండవుతుంది. ఉప్పు చల్లడమో, ముట్టుకోకుండా సబ్బునీటిలోనో వెనిగర్‌లోనో వేయడమో తగిన పని.

2014లో ఈ ప్రజాతికి చెందిన రెండు జాతుల్లో టెట్రోడోటాక్సిన్ అనే విషం ఉన్నట్లు తేలింది. బుడగ చేపలో ఉండేదీ అదే విషం. మనిషిని చంపేంత ప్రమాదం వీటివల్ల ఉందని చెప్పడం అతిశయోక్తి. చేత్తో పట్టుకోకపోవడం, పట్టుకుంటే కడుక్కోవడం, పిల్లలూ పెంపుడు జంతువులూ నోట్లో పెట్టుకోకుండా చూడటం సరిపోతుంది. వానపాముల ఎరువు తయారుచేసే తొట్లలోకి ఇవి చేరితే మాత్రం నష్టం నిజమైనదే.

ఈ పురుగు తల అంచు పొడవునా చిన్న చిన్న కళ్లు, వాసన పట్టే గుంటలు వరసగా ఉంటాయి. పాకేటప్పుడు తలను అటూ ఇటూ ఆడిస్తూ జాడ వెతుకుతుంది. జ్ఞానేంద్రియాలను వెడల్పాటి తల మీద పరిచి ఎక్కువ మేర వెతకడం అన్న కిటుకు సొరకూ పురుగుకూ సమానం. పేరు పంచుకున్న అన్నిటిలో సొరచేపతో పోలిక పైరూపాన్ని దాటి పనితీరు దాకా వెళ్లేది, విచిత్రంగా, వెన్నెముకే లేని ఈ పురుగులోనే.

ఇనుము, కాంక్రీటు, గగనం

ఇంజినీర్ల వాడుకలో ఈ పేరు అక్షరం టీ ఆకారానికి సంకేతం. నిటారు స్తంభం మీద అడ్డంగా తిరిగే చేయి ఉండి, ఒక వైపు బరువెత్తే కొక్కెం, రెండో వైపు సమతూకానికి బరువు దిమ్మలు ఉంటే అది హ్యామర్‌హెడ్ క్రేను. నౌకా నిర్మాణ రేవుల్లో బాయిలర్లు, ఫిరంగులు ఎత్తి ఓడలో దించడానికి ఇవి ఇరవయ్యో శతాబ్ది ఆరంభంలో వచ్చాయి. స్కాట్లాండ్‌లోని క్లైడ్‌బ్యాంక్‌లో 1907లో నిలబెట్టిన టైటన్ క్రేను ఇప్పటికీ ఉంది. స్కాట్లాండ్‌లో తయారై 1909లో నాగసాకి రేవుకు చేరిన 150 టన్నుల క్రేను 1945 అణుబాంబు దాడిని తట్టుకుని ఇంకా పనిచేస్తోంది. 2015లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరిన జపాన్ పారిశ్రామిక స్థలాల్లో అది భాగం. నగరాల్లో అపార్ట్‌మెంట్ల మీద తిరిగే టవర్ క్రేన్లలో చాలావరకు ఇదే రకం. రాత్రి పని ఆపేశాక వాటి చేతిని బిగించకుండా గాలివాటుకు తిరిగేలా వదిలేస్తారు, లేకపోతే పెనుగాలి ఒత్తిడి అంతా స్తంభం మీద పడుతుంది.

వంతెనల్లో హ్యామర్‌హెడ్ పియర్ అంటే ఒంటి స్తంభం, దాని తల మీద రెండు పక్కలకూ సాగిన కాంక్రీటు దూలం. రోడ్డు మధ్యలో కొద్ది చోటే ఉన్నప్పుడు పైన వెడల్పాటి మార్గాన్ని మోయడానికి ఇది అనువు. హైదరాబాద్‌లో మెహిదీపట్నం నుంచి ఆరాంఘర్ వైపు సాగే 11.6 కిలోమీటర్ల పీవీ నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే ఇటువంటి ఒంటి స్తంభాల వరస మీదే నిలిచింది. పక్కలకు సాగిన కొసలు బరువుకు కిందికి వంగుతూ దూలం పైభాగాన్ని సాగదీస్తాయి కనుక, ఈ దూలంలో ఉక్కు చువ్వలు ఎక్కువగా పైభాగంలోనే పడతాయి. చివర మూసుకుపోయిన వీధుల్లో బండి తిప్పుకోవడానికి వదిలే టీ ఆకారపు జాగాకూ బ్రిటన్‌లో ఇదే పేరు.

విమాన విన్యాసంలో హ్యామర్‌హెడ్ అంటే నిట్టనిలువుగా ఎక్కి, వేగం దాదాపు సున్నా అయ్యే క్షణాన తోక చుక్కానిని తన్ని, విమానాన్ని రెక్క కొస చుట్టూ తిప్పినట్టు తిప్పి, ఎక్కిన దారినే కిందికి దిగడం. ముందున్న పంకా వెనక్కు తోసే గాలి తోకను తాకుతూనే ఉంటుంది కాబట్టి వేగం లేకపోయినా చుక్కాని పనిచేస్తుంది. బ్రిటన్‌లో దీన్ని స్టాల్ టర్న్ అంటారు గానీ, సరిగ్గా చేస్తే రెక్కలు స్టాల్ కానే కావు, అంటే గాలి ప్రవాహం చెదిరి ఎత్తే బలం కోల్పోవడం జరగదు.

సొరచేపనే తలచుకుని పెట్టిన పేర్లు కూడా ఉన్నాయి. జలాంతర్గాములకు చేపల పేర్లు పెట్టే ఆనవాయితీ ప్రకారం అమెరికా నౌకాదళం రెండో ప్రపంచ యుద్ధకాలంలో ఒకదానికి, 1960లలో అణుశక్తితో నడిచే మరొకదానికి హ్యామర్‌హెడ్ అని పేరు పెట్టింది. క్రీడా జట్లు, వాణిజ్య ముద్రలు ఈ దారినే వాడుకుంటాయి. వీటికి ఆకారంతో పనిలేదు, భయమే సరుకు. నిజానికి సుత్తితల సొర రెచ్చగొట్టకుండానే దాడి చేసి మనిషిని చంపినట్లు నిర్ధారితమైన ఘటన ఒక్కటీ లేదు.

బొమ్మను బట్టి వచ్చిన పేరు

1980ల రెండో సగంలో, మొక్కలకు సోకే కొన్ని అతి చిన్న ఆర్‌ఎన్‌ఏ అణువులు తమను తామే కత్తిరించుకోగలవని తెలిసింది. ఆ కత్తిరింపు భాగంలో మూడు మెలికలు ఒక కూడలిలో కలుస్తాయి. కాగితం మీద గీస్తే అది సుత్తితలలా కనిపించడంతో హ్యామర్‌హెడ్ రైబోజైమ్ అన్న పేరు పడింది. 1994, 1995 సంవత్సరాల్లో స్ఫటిక పద్ధతిలో దాని అసలు ఆకృతి తెలిశాక చూస్తే, అది సుత్తిలా లేదు. పంగలకర్రను పోలి ఉంది. అప్పటికి పేరు పాతుకుపోయింది, ఎవరూ మార్చలేదు. ప్రొటీన్ల అవసరం లేకుండా ఆర్‌ఎన్‌ఏ రసాయన చర్య జరపగలదన్న ఆవిష్కరణకు 1989లో ఆల్ట్‌మన్, చెక్‌లకు నోబెల్ బహుమతి వచ్చిన నేపథ్యంలో ఈ చిన్న అణువు విస్తృతంగా అధ్యయనానికి గురైంది.

పేరు తల మీద, వ్యాపారం రెక్క మీద

గబ్బిలాన్నీ క్రేనునూ ఎవరూ సొరచేప అనుకోరు. ఇబ్బంది సొరచేపల లోపలే ఉంది. తల చెక్కుచెదరకుండా ఉన్నంతసేపు ప్రధాన జాతులను గుర్తుపట్టడం కష్టం కాదు. పెద్ద సుత్తితల సొరకు తల ముందంచు దాదాపు తిన్నగా ఉండి మధ్యలో నొక్కు ఉంటుంది. లెవీనికి అంచు వంపుగా ఉండి మధ్య నొక్కుతోపాటు పక్క నొక్కులూ ఉంటాయి. జైగీనాకు వంపు ఉంటుంది, మధ్య నొక్కు ఉండదు. రెక్కతల సొరను చూడగానే పోల్చుకోవచ్చు. అయితే అంతర్జాతీయ విపణిలో ధర పలికేది రెక్కకు. తూర్పు ఆసియా విందుల్లో వడ్డించే రెక్కల సూప్‌కు కావలసిన సన్నటి పీచు ఈ సొరల పొడవాటి రెక్కల్లో పుష్కలంగా ఉంటుంది. తల సముద్రంలోనో రేవులోనో పోతుంది. ఎండిన రెక్క ఓడెక్కుతుంది. పేరుకు ఆధారమైన గుర్తు ఆ సరుకులో ఉండదు. మాంసమైనా అంతే: సొరపిట్టు వండే ఇంటికి చేరే ముక్కను చూసి అది ఏ సొరదో చెప్పడం కుదరదు.

వేట లెక్కల్లో ఈ లోటు నేరుగా కనిపిస్తుంది. చాలా దేశాలు తమ రాబడిని జాతుల వారీగా ఇవ్వకుండా, హ్యామర్‌హెడ్ సొరలు అన్న ఒకే గంపగుత్త పద్దు కింద ఐక్యరాజ్య సమితి ఆహార, వ్యవసాయ సంస్థకు పంపుతూ వచ్చాయి. పద్దు మొత్తం నిలకడగా కనిపిస్తున్నా, లోపల ఒక జాతి పడిపోయి మరొకటి దాని చోటు పూరిస్తూ ఉండవచ్చు.

జీవలక్షణాలు ఈ ముప్పును పెంచుతాయి. ఈ సొరలు ఆలస్యంగా ఈడుకొస్తాయి. గుంపులు కట్టే అలవాటు వల్ల ఒకే వలకు చాలా చిక్కుతాయి. ఎప్పుడూ ఈదుతూ ఉంటేనే మొప్పలకు నీరందుతుంది కనుక వలలోనో గాలానికో చిక్కి ఆగిపోతే త్వరగా చచ్చిపోతాయి. బతికుండగా వదిలేసినా ఒత్తిడి వల్ల తర్వాత ప్రాణం పోయే అవకాశం పెద్ద సుత్తితల సొరలో మరీ ఎక్కువ. లెవీని, మొకర్రాన్ రెండూ 2019 నుంచి అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సమితి (ఐయూసీఎన్) ఎర్ర జాబితాలో అత్యంత ప్రమాద స్థితిలో ఉన్నాయి. అమెరికా అంతరించే జీవుల చట్టం కింద 2014లో రక్షణ పొందిన లెవీని, ఆ చట్టంలోకి వచ్చిన తొలి సొర.

అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైటిస్ ఒప్పందం 2013లో బ్యాంకాక్ సమావేశంలో లెవీనిని రెండో అనుబంధంలో, అంటే అనుమతి పత్రంతోనే ఎగుమతి సాగే జాబితాలో, చేర్చింది. దానితోపాటు మొకర్రాన్, జైగీనాలను కూడా చేర్చడానికి చెప్పిన కారణం గమనించదగ్గది: ఎండిన రెక్కలను చూసి వీటిని లెవీని నుంచి వేరు చేయడం కష్టం. ఆ నిర్ణయం 2014 సెప్టెంబరులో అమల్లోకి వచ్చింది. 2022లో పనామాలో జరిగిన సమావేశం కుటుంబంలో మిగిలిన జాతులన్నిటికీ దాన్ని విస్తరించింది. ఇకపై కస్టమ్స్ అధికారి ముందున్న ఎత్తైన, సన్నటి, మట్టిరంగు వెన్ను రెక్క ఏ జాతిదో తేల్చనక్కర్లేదు. సుత్తితల సొరదని తేలితే చాలు, అనుమతి పత్రం అడగవచ్చు. ఇంతకాలం గందరగోళానికి కారణమైన గంపగుత్త పేరు నిఘాకు మాత్రం పనికొచ్చింది.

భారత్‌లో పరిస్థితి దీనికి తోడు మరికొన్ని నిబంధనలతో ముడిపడి ఉంది. రెక్కలు కోసి ఒంటిని సముద్రంలో పారేయడాన్ని అడ్డుకోవడానికి, రెక్కలు ఒంటికి ఉండగానే సొరలను ఒడ్డుకు తేవాలని కేంద్రం 2013లో నిర్దేశించింది. సొర రెక్కల ఎగుమతిని 2015లో నిషేధించింది. వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2022లో చేసిన సవరణ సైటిస్ జాబితాలోని జీవుల కోసం కొత్తగా నాలుగో షెడ్యూలును తెచ్చింది. 2013 నిబంధన వల్ల విశాఖపట్నం, కాకినాడ వంటి రేవుల్లో దిగే సొర రెక్కలతోనే రావాలి. తలతో కూడా వచ్చినప్పుడు జాతిని అక్కడే రాసుకోవడానికి వీలుంటుంది.

ఆ నమోదు ఎందుకంటే, సైటిస్ కింద ఏ దేశమైనా ఎగుమతికి అనుమతివ్వాలంటే ఆ వ్యాపారం వల్ల ఆ జాతి మనుగడకు హాని లేదని శాస్త్రీయంగా నిర్ధారించాలి. నిఘాకు కుటుంబం పేరు సరిపోయినా ఈ నిర్ధారణకు సరిపోదు. దాన్ని లెవీనికి విడిగా, మొకర్రాన్‌కు విడిగా, రెక్కతల సొరకు విడిగా చేయాల్సిందే. రేవులో జాతి రాసుకోకపోతే మిగిలే దారి ఎండిన రెక్క ముక్క నుంచి డీఎన్‌ఏ పరీక్ష. దానితో జాతి తెలుస్తుంది గానీ, ఆ చేప ఏ నీటిలో, ఎంత పొడవున్నప్పుడు, ఏ వలకు చిక్కిందో తెలియదు.